మట్టికీ అచ్చే, కాగితానికీ అచ్చే

తెలుగులో అచ్చు అనే మాట రెండు పనులు చేస్తుంది. ఇటుకలు తీసే చెక్క చట్రం అచ్చు. పుస్తకం బయటికి వస్తే అచ్చయిందంటారు. పొలాల అమావాస్యకు మట్టి ఎడ్లను తీసేదీ అచ్చులోంచే, పెళ్ళిపత్రికలు వేసేదీ అచ్చాఫీసులోనే. మట్టి పనీ కాగితం మీద ముద్ర వేసే పనీ ఒకే మనిషి చేతిలో ఎందుకు కలుస్తాయో తెలుసుకోవడానికి ఈ మాట మంచి దారి చూపిస్తుంది. స్టూడియో పాటర్‌గా (సొంత స్టూడియోలో మట్టి పాత్రలు చేసే కళాకారుడు), ప్రింట్‌మేకర్‌గా (రేకు, చెక్క లాంటివి చెక్కి కాగితం మీద ముద్రలు తీసే కళాకారుడు) ఒకేసారి బతికే కళాకారులను చూసినవాళ్ళు ఇవి రెండు వేర్వేరు విద్యలనీ, ఒకటి వృత్తి, రెండోది సరదా అయివుంటుందనీ అనుకుంటారు. దగ్గరికి వెళ్ళి చూస్తే రెండూ ఒకే స్వభావం ఉన్న పనులు.

ఇలాంటి కళాజీవితం ఎలా మొదలవుతుంది, దేని మీద నిలబడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న ప్రశ్నలకు మహారాష్ట్ర సరిహద్దులోని చంద్రపూర్ జిల్లా చాలా పనికివచ్చే ఉదాహరణ. జిల్లా కేంద్రమైన చంద్రపూర్ ఊరిని ఇక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ చాందా అనే పిలుస్తారు. రాజురా 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. బల్లార్షా కాగితం మిల్లుకూ, సాస్తి బొగ్గు గనులకూ పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడున్నాయి. ఇంకా కిందికి, పక్క గడ్చిరోలి జిల్లాలో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరోంచలోనైతే ఇళ్ళల్లో తెలుగు, బడిలో మరాఠీ. ఈ ప్రాంతంలో మట్టి ఉంది, బొగ్గు ఉంది, కాగితం ఉంది, పత్తి ఉంది, టేకు ఉంది. ఇన్ని ఉన్న చోట మట్టి, ముద్ర కలిసిన కళ సహజంగా పెరగాలి. అలా పెరగాలంటే ఇంకేం కావాలన్నదే అసలు ప్రశ్న.

ఎచింగ్ నుంచి కుండ వరకు

స్టూడియో పాటరీ అనే మాటకు చరిత్ర పెద్దగా లేదు, వందేళ్ళు దాటిందంతే. ఆ చరిత్ర మొదట్లోనే ఒక ప్రింట్‌మేకర్ కనిపిస్తాడు. బెర్నార్డ్ లీచ్ లండన్‌లో ఎచింగ్ (లోహపు రేకు మీద గీతలను యాసిడ్‌తో చెక్కి, కాగితం మీద ముద్ర తీసే పద్ధతి) నేర్చుకున్నాడు. 1909లో ఎచింగ్ నేర్పుదామనే జపాన్ వెళ్ళాడు. 1911లో అక్కడ ఒక విందులో అతిథులందరికీ గ్లేజు (కాలాక గాజు పొరయ్యే పూత) వేయని పాత్రలిచ్చి వాటి మీద బొమ్మలు వేయమన్నారు. కాసేపట్లోనే ఆ పాత్రలను కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి తీశారు. రాకు అనే ఆ పద్ధతిలో తాను గీసిన గీత కళ్ళ ముందే నిప్పులోంచి రంగుతో బయటికి రావడం చూసి లీచ్ దారి మారిపోయింది. ఒక జపాన్ గురువు దగ్గర మట్టి పని నేర్చుకుని, 1920లో జపాన్ పాటర్ షోజీ హమాదాతో కలిసి ఇంగ్లండ్ వెళ్ళి సెయింట్ ఐవ్స్‌లో బట్టీ కట్టాడు. మట్టి తయారు చేయడం, సారె తిప్పడం, గ్లేజు కలపడం, కాల్చడం, కింద ముద్ర వేయడం అన్నీ ఒకే చేతిమీదుగా జరగాలన్న పద్ధతి అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది.

మన దేశంలో ఆ దారి వేసినవాడు గురుచరణ్ సింగ్. ఆయనా అదే కాలంలో జపాన్‌లో చదివి లీచ్‌నూ హమాదానూ కలిశాడు. తర్వాత ఢిల్లీలో బ్లూ పాటరీ నడిపి ఎందరికో నేర్పాడు. 1971లో పుదుచ్చేరిలో డెబోరా స్మిత్, రే మీకర్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఈనాటి భారతీయ స్టూడియో పాటర్లలో చాలామందికి బడి. తెలుగు పాఠకులు గుర్తుపెట్టుకోవలసిన పేరు మరొకటుంది. 1928లో హైదరాబాద్‌లో పుట్టిన నిర్మలా పట్వర్ధన్ శాంతినికేతన్‌లో చదివి, జర్మనీలో సిరామిక్స్ నేర్చుకుని, లీచ్ స్టూడియోలో పనిచేసి తిరిగి వచ్చింది. జీవితమంతా గ్లేజుల మీద ప్రయోగాలు చేసి, కుండలు చేసేవాళ్ళ కోసం ఒక చేతిపుస్తకం రాసింది. ఆమె పేరు తెలుగు ఇళ్ళల్లో పెద్దగా వినపడకపోవడం బాధ కలిగించే విషయం.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. కుమ్మరి చేసే కడవకూ స్టూడియో పాటర్ చేసే పాత్రకూ మట్టి ఒకటైనా శాస్త్రం వేరు. కుమ్మరి ఆవంలో ఎర్రమట్టి వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది. అందుకే దానికి సన్నని రంధ్రాలు మిగులుతాయి, నీళ్ళు బయటికి ఊరుతాయి, ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్‌లో రంజన్ కుండ నీళ్ళు తాగినవాళ్ళకు ఆ రంధ్రాల విలువ తెలుసు. స్టూడియోలో ఎక్కువగా చేసే స్టోన్‌వేర్ 1,200 నుంచి 1,300 డిగ్రీల దాకా కాలి రాయిలా బిగుసుకుంటుంది. దాని మీద గ్లేజు కరిగి గాజు పొరవుతుంది. అందులో చారు పోసుకోవచ్చు, ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు, కానీ నీళ్ళు చల్లబడవు. ఒకటి గొప్ప, మరొకటి తక్కువ అనడానికి వీల్లేదు. ఐరేని కుండలు లేకుండా పెళ్ళి జరగని సంప్రదాయంలో పెరిగిన మనిషి ఈ సంగతి మరచిపోతే స్టూడియో పనికి ఊళ్ళో వేరు దొరకదు.

చేయి వదిలేసే క్షణం

పెయింటర్ కుంచె తీసిన చోట రంగు అలాగే ఉంటుంది. నచ్చకపోతే అప్పుడే దిద్దుకోవచ్చు. పాటర్‌కూ ప్రింట్‌మేకర్‌కూ ఆ వెసులుబాటు లేదు. ఇద్దరూ ఒక దశ దాకా తమ చేత్తో పనిచేసి, ఆ తర్వాత దాన్ని తమ చేతిలో లేని శక్తికి అప్పగిస్తారు. కుండ బట్టీలోకి వెళ్తుంది, రేకు యాసిడ్‌లోకి వెళ్తుంది. లోపల ఏం జరుగుతోందో లెక్క వేయగలరు, ఊహించగలరు, అంతే. ఈ రెండు కళలు ఒకే మనిషిలో కలవడానికి మూలకారణం ఇదే. ఈ అప్పగింతకు అలవాటు పడిన మనసుకు రెండో పని కొత్తగా అనిపించదు.

వివరంగా చూస్తే పోలిక ఇంకా బలపడుతుంది. ఎచింగ్‌కు రాగి లేదా జింకు రేకు మీద మైనం, తారు, గుగ్గిలం కలిపిన పూత వేస్తారు. ఆ పూతను సూదితో గీస్తే గీత వెంట లోహం బయటపడుతుంది. యాసిడ్‌లో పెట్టినప్పుడు బయటపడిన చోటనే లోహం తరుగుతుంది. జింకు మీద నైట్రిక్ యాసిడ్ పనిచేసేటప్పుడు గీతల మీద బుడగలు లేస్తాయి, వాటిని ఈకతో మెల్లగా తుడుస్తారు. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు. లోతు ఎక్కువైతే ఎక్కువ ఇంకు నిలుస్తుంది, కాగితం మీద అంత నలుపు. కుండ మీద చేసే స్గ్రఫీటో కూడా దాదాపు ఇదే పని. పచ్చికుండకు వేరే రంగు మట్టిపూత పూసి, సగం ఆరాక సూదితో గీస్తే కింది మట్టి రంగు బయటపడుతుంది. ఎచింగ్ సూది పట్టిన చేయి కుండ మీదికి వస్తే గీతలో తడబాటు ఉండదు. వంపు తిరిగిన ఉపరితలం మీద గీయడం మాత్రం కొత్తగా నేర్చుకోవలసిందే.

రంగు విషయంలోనూ ఇద్దరిదీ ఒకే పరీక్ష. కోబాల్ట్ కార్బొనేట్ పచ్చిగా ఉన్నప్పుడు వంకాయ పువ్వు రంగులో ఉంటుంది, కాలాక ముదురు నీలం అవుతుంది. ఇనుప ఆక్సైడ్ ఒకే బట్టీలో గాలి ఎంత అందిందన్న దాన్ని బట్టి తేనె రంగుకీ, నలుపుకీ, లేత ఆకుపచ్చకీ మారుతుంది. రాగి గాలి బాగా అందితే ఆకుపచ్చ, అందకపోతే ఎరుపు. ప్రింట్‌లో అయితే గీసినదంతా తిరగబడి వస్తుంది. కుడి ఎడమవుతుంది, అక్షరాలు అద్దంలోలా కనిపిస్తాయి. పని జరుగుతున్నప్పుడు కళ్ళకు కనిపించేదాన్ని కాకుండా, రాబోయేదాన్ని మనసులో చూస్తూ పనిచేయడం ఇద్దరికీ తప్పదు.

బట్టీ తలుపు తీయాలన్న తొందర గురించి ఒక్క మాట. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు సరిగ్గా అక్కడే ముడుచుకుంటుంది. ఆ గండం నెమ్మదిగా దాటకపోతే మంచి పాత్ర కూడా గీటు పడి పగులుతుంది. కాల్చడానికి పట్టిన సమయం కంటే చల్లార్చడానికి ఎక్కువ పడుతుంది. ఒక రోజంతా బట్టీ పక్కన కూర్చుని దాన్ని ముట్టుకోకుండా ఉండగలగడం ఈ వృత్తిలో నేర్చుకోవలసిన మొదటి విద్యల్లో ఒకటి.

ఇతరుల గదిలో దొరికిన యంత్రం

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి లండన్ వెళ్ళాడు. అక్కడ శిల్పం నేర్చుకున్నాడు. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియర్ 17 అనే ప్రింట్ వర్క్‌షాప్‌లో చేరాక ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. అక్కడ కైకో మోతీతో కలిసి విస్కాసిటీ ప్రింటింగ్ అనే పద్ధతిని రూపుదిద్దాడు. సంగతి వింటే వంటింటి విషయంలా ఉంటుంది. ఇంకులో నూనె ఎక్కువ తక్కువలు చేస్తే ఒక ఇంకు మరొక ఇంకును పట్టుకోదు. రేకును రకరకాల లోతుల్లో చెక్కి, గట్టి రోలర్‌తో ఒక ఇంకు, మెత్తటి రోలర్‌తో మరొక ఇంకు వేస్తే, ఒకే రేకు నుంచి ఒకే దెబ్బలో అన్ని రంగులూ కాగితం మీదికి వస్తాయి. అంతకుముందు సాధారణంగా రంగుకొక రేకు కావలసివచ్చేది. రేకును లోయలు, గట్లు ఉన్న భూమిలా చూడగలగడం శిల్పికే సాధ్యమైంది. 1972లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

రెండో ఉదాహరణ సరిహద్దుకు ఇంకా దగ్గరిది. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో డిప్లొమా చేసి 1963లో బరోడా వెళ్ళాడు. అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ గురువు. చిత్రం, గోడ పని, మట్టి పలక, ఆటబొమ్మ అన్నీ ఒకే వరుసలో పెట్టి చూడటం సుబ్రమణ్యన్ పద్ధతి. ఆ ఏడాదే లక్నో రవీంద్రాలయం గోడను ఆయన టెర్రకోట పలకలతో నింపాడు. లక్ష్మాగౌడ్ బరోడా నుంచి తెచ్చుకున్నది ఎచింగ్. మేకలు, చెట్లు, పల్లె ఆడవాళ్ళు, మగవాళ్ళు సన్నని గీతల్లో అల్లుకుపోయే ఆ ప్రింట్లే ఆయన్ను నిలబెట్టాయి. తర్వాతి దశల్లో ఆ మనుషుల ముఖాలే టెర్రకోటలోకీ సిరామిక్‌లోకీ కంచులోకీ వచ్చాయి. ప్రింట్‌లో గీతగా ఉన్న ముక్కుపుడక మట్టిలో నొక్కుగా మారడం చూస్తే, రెండు మాధ్యమాలు ఒకదానికొకటి ఏం ఇచ్చుకుంటాయో వివరించి చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి తర్వాతి తరాన్ని తయారు చేసిన ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది.

ఈ రెండు జీవితాల్లో ప్రతిభ గురించి వేరే చెప్పే పని లేదు. అంతగా ఎవరూ గమనించనిది మరొకటుంది. ఇద్దరికీ సరైన వయసులో మరొకరి ప్రెస్ అందుబాటులోకి వచ్చింది. కృష్ణారెడ్డికి హేటర్ గది, లక్ష్మాగౌడ్‌కు బరోడా కాలేజీ. లీచ్ కథలో ముందే మండుతున్న ఒక జపాన్ కొలిమి. కుంచె, కాగితం కొనుక్కుని ఇంట్లో చిత్రకారుడు కావచ్చు. ఎచింగ్ ప్రెస్, స్టోన్‌వేర్ బట్టీ అలా కొనుక్కునేవి కావు, ఒకరి ఇంట్లో పట్టేవీ కావు. ఈ కళల్లో ఎవరు పైకొస్తారన్నది చాలావరకు ఎవరి ఊరికి దగ్గరలో తెరిచిన తలుపు ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. చంద్రపూర్ విషయంలో చూడవలసింది దీన్నే.

కాగజ్‌నగర్ నుంచి భాందక్ దాకా

సిర్పూర్ కాగజ్‌నగర్‌లో రైలెక్కితే మాకుడి, వీరూర్, మాణిక్‌గఢ్ దాటి బల్లార్షా వస్తుంది. తర్వాత చాందా, ఆ పైన భాందక్. ఈ చిన్న దారిలోనే ఒక పాటర్‌కూ ఒక ప్రింట్‌మేకర్‌కూ కావలసిన సరుకంతా ఉంది. కాగజ్‌నగర్‌కు ఆ పేరే కాగితం వల్ల వచ్చింది. నిజాం కాలంలో మొదలైన అక్కడి మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకుంది. అవతల బల్లార్పూర్ మిల్లు 1940ల్లో మొదలైంది. రెండింటికీ మొదట్లో ఆధారం చుట్టూ ఉన్న వెదురు అడవులే.

అయితే ఈ కాగితం మీద ఎచింగ్ వేయలేరు. ఎచింగ్ కాగితాన్ని ముందు తడిపి, ఇంకు పట్టిన రేకు మీద పరిచి, పైన దుప్పట్లు కప్పి, రెండు ఉక్కు రోలర్ల మధ్య టన్నుల ఒత్తిడితో నడుపుతారు. తడిసిన కాగితం గీతల లోపలికి దిగి ఇంకును పైకి లాక్కోవాలి. రాసుకునే కాగితం అంత ఒత్తిడికి చిరిగిపోతుంది. పత్తి పీచుతో చేసిన మందపాటి కాగితమే దానికి తట్టుకుంటుంది. విదర్భ, ఆదిలాబాద్ రెండూ పత్తి నేలలే. పత్తి గుడ్డముక్కలతో చేతి కాగితం చేసే విద్య మహారాష్ట్రకు కొత్తది కాదు. 1940లో పుణెలో గాంధీ ప్రోత్సాహంతో వచ్చిన చేతికాగితం సంస్థ ఇంకా ఉంది. పత్తి పండే నేలకు, పెద్ద కాగితం మిల్లులు ఉన్న నేలకు ప్రింట్ కాగితం బయటి నుంచి రావలసిరావడం బుద్ధిపూర్వకంగా దిద్దుకోగల లోపం.

మట్టి సంగతి ఇంకా ఆసక్తికరం. పత్తి పండే నల్లరేగడి కుండలకు ఒంటరిగా పనికిరాదు. నీళ్ళు తాగి విపరీతంగా ఉబ్బుతుంది, ఆరితే పొలంలో నెర్రెలు పడ్డట్టే కుండా పగులుతుంది. అందుకే కుమ్మరులు చెరువు మట్టి, ఇసుక, బూడిద, పేడ సరిపాళ్ళలో కలుపుతారు. ఏ చెరువు మట్టి ఎంత కలపాలన్న లెక్క వాళ్ళ చేతుల్లో ఉంటుంది, ఏ కాలేజీలోనూ దొరకదు. బొగ్గు పొరల దగ్గర దొరికే ఫైర్ క్లే గుణం వేరు. అది పెద్ద వేడికి తట్టుకుంటుంది. స్టోన్‌వేర్‌కు, బట్టీ ఇటుకలకు అదే ఆధారం.

గ్లేజుకు సిలికా, అల్యూమినా, వాటిని కరిగించే ఫ్లక్స్ కావాలి. వరి ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. కట్టె బూడిదలో సున్నం, పొటాష్ ఉంటాయి, అవి ఫ్లక్స్ పనిచేస్తాయి. వడ్లు పండే సిందేవాహి వైపు ఊక, అడవి వైపు కట్టె బూడిద దొరుకుతాయి. 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం నుంచి వచ్చే ఫ్లై యాష్‌లోనూ సిలికా, అల్యూమినా ఉన్నాయి. ఈ జిల్లా ఊపిరితిత్తులకు భారమైన ఆ బూడిదలో కొంతైనా పలకగా, పాత్రగా మారితే ఎంత బావుంటుంది. టేకు గురించి మాత్రం జాగ్రత్త అవసరం. బల్లార్షా, ఆలాపల్లి టేకు దేశమంతా పేరు పొందింది కానీ వుడ్‌కట్ (కర్ర పలక చెక్కి తీసే ముద్ర) చెక్కేవాళ్ళకు అది సులభమైన కర్ర కాదు. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, ఉలి అంచు త్వరగా మొద్దుబారుతుంది.

ఇక తలుపు సంగతి. భాందక్ స్టేషన్‌లో దిగితే ఊరి పేరు భద్రావతి. విజాసన్ బౌద్ధ గుహలు, జైన మందిరం ఉన్న పాత ఊరు. గాంధేయవాది కృష్ణమూర్తి మిర్మిరా నిలబెట్టిన గ్రామోదయ సంఘ్ ఇక్కడే ఉంది. మట్టి తయారీ, సారె, గ్లేజు, పెద్ద బట్టీ అన్నీ ఒకే ఆవరణలో ఉన్న ఈ చోటు దేశంలోని సిరామిక్ కళాకారుల్లో చాలామందికి తెలుసు. పెద్ద పెద్ద పనులు కాల్చుకోవడానికి దూరాల నుంచి ఇక్కడికి వచ్చారు. బల్లార్షా తెలుగు ఇళ్ళల్లో ఈ పేరు ఎంతమందికి తెలుసన్నది వేరే ప్రశ్న. గనిలో ఉద్యోగం, ఐటీఐ, నాగపూర్‌లో ఇంజినీరింగ్ అన్న మూడు దారుల మధ్య కొద్దిపాటి రైలు దూరంలో ఉన్న బట్టీ కనబడకుండా పోతుంది. ఇంట్లో ఆవం అనే మాట, భద్రావతిలో భట్టీ అనే మాట విని పెరిగే పిల్లలకు రెండూ సొంతమే కావాలి.

ప్రెస్ విషయానికి వస్తే నాగపూర్, ముంబై, హైదరాబాద్ ఆర్ట్ కాలేజీల వైపు చూడాలి. చదువు ముగిశాక కాలేజీ ప్రెస్ చేయి జారుతుంది. ప్రింట్‌మేకింగ్‌లో పట్టా తీసుకున్న ఎందరో ఐదారేళ్ళలో పెయింటింగ్‌కో డిజైన్ ఉద్యోగానికో మళ్ళడానికి ముఖ్యమైన కారణం ఇదే. ఢిల్లీ గఢీ స్టూడియోలు, భువనేశ్వర్, చెన్నై లలిత కళా కేంద్రాలు ఉన్నాయి, నిజమే. రాజురా పిల్లకు అవి చాలా దూరం.

ఏడాది ఎలా సాగుతుంది

ఒకే మనిషి రెండు పనులూ పెట్టుకుంటే వచ్చే లాభం ఈ ఎండా వానల నేలలో స్పష్టంగా కనిపిస్తుంది. మే నెలలో కుండ బయటి అంచు గంటలో ఆరిపోతుంది, అడుగు పచ్చిగానే ఉంటుంది. అక్కడే పగులు. కప్పుకు అతికించిన పిడి ఊడివస్తుంది. తడి గుడ్డలు, ప్లాస్టిక్ కప్పి రోజుల తరబడి కాపాడుకోవాలి. ఎచింగ్ మైనం పూత కూడా ఆ వేడికి మెత్తబడుతుంది, యాసిడ్ మామూలు కంటే వేగంగా తింటుంది, సమయం లెక్కలన్నీ మార్చుకోవాలి. ఆ నెలలు డ్రాయింగ్‌కు, గ్లేజు పరీక్షలకు, చెక్కుడు పనికి మంచివి. వానాకాలంలో కుండలు ఆరవు, కానీ కాగితం తేమగా ఉండటం ప్రింటింగ్‌కు అనుకూలం. బూజు పట్టకుండా చూసుకుంటే చాలు. దసరా నుంచి శివరాత్రి దాకా మట్టికి అసలైన కాలం. దీపావళి ప్రమిదలు, పెళ్ళిళ్ళ సీజన్ కానుకలు, చలికాలపు ఎగ్జిబిషన్లు అన్నీ అప్పుడే. ఒక పని ఆగినచోట రెండోది నడిస్తే చేతులు ఖాళీగా ఉండవు, మనసుకూ టెన్షన్ తగ్గుతుంది.

డబ్బు లెక్క కూడా ఇలాగే ఒకదానికొకటి ఆసరా. కప్పులు, పళ్ళేలు, గిన్నెలు నెలనెలా అమ్ముడుపోయే సరుకు. ప్రతి బట్టీలో కొన్ని పగులుతాయి, వంగుతాయి, గ్లేజు కారి అడుగుకు అంటుకుంటాయి. పోయినవాటి ఖర్చు నిలిచినవాటి ధరలో ఉండాలి. ఈ మాట కొనేవాళ్ళకు చెప్పడానికి కొత్త పాటర్లు మొహమాటపడి నష్టపోతారు. ప్రింట్ ఆదాయం వేరే రకం. ఒక రేకు నుంచి ఇరవై ప్రతులు తీస్తే ప్రతిదాని కింద పెన్సిల్‌తో 1/20, 2/20 అని రాసి సంతకం పెడతారు. ఇరవై అయ్యాక రేకును గీసి రద్దు చేస్తారు. ఆ మాట మీదే దాని విలువ నిలుస్తుంది. మన ఇళ్ళల్లో ప్రింట్ అనగానే క్యాలెండర్ బొమ్మ, రవివర్మ ప్రెస్‌లో అచ్చయిన దేవుడి పటం గుర్తుకొస్తాయి. వాటి మీద ప్రేమ ఉండటం తప్పు కాదు. కళాకారుడు స్వయంగా చెక్కి, స్వయంగా ఇంకు తుడిచి తీసిన ప్రతి నకలు కాదన్న సంగతి మాత్రం ఓపికగా, ఎన్నిసార్లైనా చెప్పుకోవాలి. ఈ రెండింటితోపాటు మూడో ఆసరా పాఠాలు చెప్పడం. స్టూడియో పాటర్లలో చాలామందికి వారాంతపు క్లాసులూ ఇల్లు గడవడానికి తోడ్పడతాయి.

ఆరోగ్యం గురించి ఈ జిల్లాలో వేరే నచ్చజెప్పనక్కర్లేదు. దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో గని కార్మికుల కుటుంబాలకు తెలుసు. ఎండిన మట్టి దుమ్ములోని సిలికా అదే పని చేస్తుంది. స్టూడియోను చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. గ్లేజు పొడులు కలిపేటప్పుడు మంచి మాస్క్ ఉండాలి. తినే పాత్రలకు సీసం గ్లేజు వాడనే కూడదు. నైట్రిక్ యాసిడ్ పొగకు గాలి ఆడే గది కావాలి, రాగి మీద ఫెర్రిక్ క్లోరైడ్ వాడితే ఆ బాధ చాలా తగ్గుతుంది.

సారె ముందు ఎవరు కూర్చుంటారు

స్టూడియో పాటరీ తెచ్చిన మార్పుల్లో అన్నిటికంటే లోతైనది సారె చుట్టూ జరిగింది. చాలా కుమ్మరి కుటుంబాల్లో ఆడవాళ్ళు మట్టి తొక్కుతారు, జల్లెడ పడతారు, ఎర్రమట్టి పూత పూస్తారు, కుండలు నెత్తిన పెట్టుకుని అమ్ముతారు. సారె మీద మాత్రం చేయి వేయరు, వేయనివ్వరు. స్టూడియోలో ఆ కట్టుబాటు లేదు. దేశంలో పేరున్న స్టూడియో పాటర్లలో ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్నారు. ఖాదీ గ్రామోద్యోగ్ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు పంచడం మొదలుపెట్టాక పల్లెల్లోనూ కొంత కదలిక వచ్చింది. బరువైన చక్రాన్ని కర్రతో తిప్పే బాధ పోతే ఆడపిల్ల కూర్చోవడానికి అడ్డు చెప్పడం కష్టమవుతుంది.

ఇంకో చిక్కు గౌరవానికి సంబంధించింది. తరాలుగా ఆ పని చేసినవాళ్ళ కుండకు సంతలో వచ్చే ధర, కాలేజీలో చదివినవాళ్ళ కప్పుకు నగరంలో వచ్చే ధర పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. గ్లేజుకూ గ్యాస్‌కూ పెట్టుబడి ఎక్కువన్నది నిజం. ఆ వివరణ మొత్తం తేడాకు సరిపోదు. పేరుతో అమ్ముడుపోయే కప్పు పక్కన పేరు లేకుండా అమ్ముడుపోయే కుండ ఉన్నంతకాలం స్టూడియో పాటర్ తన మట్టి పాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పడం కనీస న్యాయం. భద్రావతి లాంటి చోట్ల కుమ్మరి, కళాకారుడు ఒకే బట్టీ ముందు నిలబడటం ఈ కారణంగా కూడా విలువైనది.

మట్టి మీద కాగితం

రెండు కళలూ నిజంగా ఒకటైపోయే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే తేలికైనదానికి ప్రెస్ అక్కర్లేదు. జిరాక్స్ తీసిన బొమ్మ కాగితానికి తుమ్మబంక నీళ్ళు పూస్తారు. జిరాక్స్ నలుపు ఉన్న చోట నీరు అంటదు, తెల్లని చోట అంటుతుంది. అవిసె నూనెలో ఇనుప ఆక్సైడో కోబాల్టో కలిపిన ఇంకును రోలర్‌తో పట్టిస్తే అది నలుపు గీతలనే పట్టుకుంటుంది. మిగిలిన చోట తడి స్పాంజితో తుడిస్తే పోతుంది. ఆ కాగితాన్ని పచ్చి మట్టి పలక మీద బోర్లించి వీపు నిమిరి తీస్తే బొమ్మ మట్టిలోకి దిగుతుంది. కాల్చాక అది చెరగదు. తాత రాసిన తెలుగు ఉత్తరం, రాజురా పాత భూమి కాగితం మీది ఉర్దూ ముద్ర, మరాఠీ బడి సర్టిఫికెట్ అన్నీ ఇలా మట్టిలోకి ఎక్కించవచ్చు. అక్షరాలు తిరగబడకుండా ముందే అద్దంలోలా జిరాక్స్ తీయాలన్నది గుర్తుంటే చాలు.

రెండో దారి సోమనాథ్ హోర్ చూపించాడు. 1971 నుంచి ఆయన చేసిన గాయాల వరుసలో ఇంకు చుక్క లేదు. మట్టి పలకను కోసి, గాటు పెట్టి, దాని మీద సిమెంటు పోసి అచ్చు తీశాడు. ఆ అచ్చులో కాగితపు గుజ్జు నొక్కి ఆరబెట్టాడు. తెల్లని కాగితం మీద తెల్లని గాయం. మట్టికి పెట్టిన గాటు కాగితానికి మచ్చగా మిగిలింది. మట్టి అచ్చు, కాగితం అచ్చు అన్న రెండు అర్థాలూ కలిసిపోయిన పని అది. పత్తి గుజ్జు చేయగల నేలలో, చెరువు మట్టి ఉన్న ఊళ్ళో ఈ పద్ధతికి బయటి నుంచి తెచ్చుకోవలసింది ఒక్క సిమెంటు మూట. ఆ సిమెంటూ రాజురా, కోర్పనా ఫ్యాక్టరీల్లోనే తయారవుతుంది.

పెద్ద ప్రెస్ వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. సరిహద్దు ఊళ్ళలో తెలుగు, మరాఠీ పెళ్ళిపత్రికలు వేసిన పాత అచ్చాఫీసులు ఆఫ్‌సెట్ వచ్చాక మూతపడ్డాయి. వాటి ప్రూఫ్ ప్రెస్‌లు (అచ్చుకు ముందు మాదిరి ప్రతి తీసే చిన్న యంత్రాలు) ఎక్కడైనా తుప్పు పట్టి మిగిలి ఉంటే పాత ఇనుముకు తూచి అమ్మేయకముందే ఎవరైనా అడిగి తీసుకోవాలి. వాటి మీద ఎచింగ్ పడదు, ఆ ఒత్తిడి రాదు. లైనోకట్ (మెత్తటి లైనోలియం పలక చెక్కి తీసే ముద్ర), వుడ్‌కట్ మాత్రం చక్కగా పడతాయి, ఎందుకంటే వాటిలో ఇంకు గీత లోపల కాకుండా పై గట్టు మీద ఉంటుంది. ఆ ప్రెస్ కూడా దొరకకపోతే చెక్కిన లైనో మీద ఇంకు రాసి, పల్చని కాగితం పరిచి, స్టీలు గరిటె వీపుతో గుండ్రంగా రుద్దుతారు. కాగితం మూల పట్టుకుని మెల్లగా లేపితే బొమ్మ తిరగబడి కనిపిస్తుంది.